చిన్న కొట్లాట కేసులో సమన్లు వచ్చాయి: ఫైన్ కట్టేసి బయటపడాలా, రాజీ పడాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కిందటి వినాయక నిమజ్జనం రోజు ఎవరి ట్రాక్టరు ముందు వెళ్లాలన్న దగ్గర రెండు వీధుల కుర్రాళ్లు తోసుకున్నారు. అవతలి అబ్బాయికి పెదవి చిట్లింది. మీ తమ్ముడి మీద, ఇంకో ఇద్దరి మీద కేసు కట్టారు. ఇప్పుడు మెజిస్ట్రేట్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఇవ్వడానికి వచ్చిన కానిస్టేబులు "తప్పు ఒప్పేసుకుంటే వెయ్యో రెండు వేలో ఫైన్ వేసి వదిలేస్తారు, లాయరు దండగ" అని చెప్పి వెళ్లాడు. మీ తమ్ముడేమో ఎస్సై పరీక్షలకు చదువుతున్నాడు. మిగతా ఇద్దరిలో ఒకడు అమెరికా ప్రయత్నంలో ఉన్నాడు. జైలు పడుతుందా, ఉద్యోగం పోతుందా, ఏం చేయాలి?

నేను లాయరును కాను. మెజిస్ట్రేట్ కోర్టుల్లో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. జడ్జిగారి బల్ల కింద కూర్చుని ఇలాంటి కేసుల డాకెట్లు, అంటే ఏ వాయిదాకి ఏం జరిగిందో, రాయడమే నా ఉద్యోగం. అందుకని సెక్షన్ల పాఠం కాకుండా, లోపల జరిగేది చెబుతాను. ముందు ఒక మాట గట్టిగా: వాయిదాకి తప్పకుండా వెళ్లండి. ఆ రోజు మాత్రం నేరం ఒప్పుకోకండి.

సమన్ల మీద 115(2), 126(2), 352, వాటి పక్కన 3(5) బీఎన్ఎస్ అని ఉందన్నారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) వచ్చింది కాబట్టి నంబర్లు మారాయి. కోర్టు వరండాలో ఇప్పటికీ సగం మంది 323, 341 అనే అంటారు, కంగారుపడకండి. 115(2) అంటే కొట్టి చిన్న దెబ్బ తగిలేలా చేయడం. దీనికి గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. 126(2) అంటే దారికి అడ్డుపడి ఆపడం. నెల వరకు సాధారణ జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. 352 అంటే రెచ్చగొట్టేలా తిట్టడం, రెండేళ్ల వరకు. 3(5) విడిగా నేరం కాదు, అందరూ ఒకే ఉద్దేశంతో చేశారని చెప్పడానికి తగిలించేది.

ఇందులో 126(2) ఎందుకుందో చాలామందికి అర్థం కాదు. "మేమెవరినీ ఆపలేదే, తోపులాటేగా" అంటారు. చిన్న దెబ్బలు, తిట్లు ఈ రెండూ నాన్ కాగ్నిజబుల్. అవి మాత్రమే ఉంటే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి లేదు. దారికి అడ్డుపడటం కాగ్నిజబుల్. ఒక్క సెక్షన్ కాగ్నిజబుల్ అయితే కేసు మొత్తాన్ని అలాగే చూడాలని చట్టం చెబుతుంది. అందుకే వీధి గొడవల్లో ఎఫ్ఐఆర్ చూస్తే ఈ సెక్షన్ దాదాపు ప్రతిదాంట్లో కనిపిస్తుంది. ఫిర్యాదులో ఎవరైనా అడ్డుకున్నట్టు ఒక్క ముక్క లేకపోతే, అది మీ లాయరు తప్పక పట్టుకోవాల్సిన పాయింటు.

జైలు భయం పక్కన పెట్టండి. ఈ మూడూ బెయిలబుల్. బెయిలు ఇక్కడ హక్కు, దయ కాదు. పోలీసులు అప్పట్లో అరెస్టు చేయకుండా, పిలిచినప్పుడు రావాలని చెప్పే 35(3) నోటీసు ఇచ్చి సంతకం తీసుకుని ఉంటారు, పాత 41ఏ నోటీసు అదే. మొదటిసారి కోర్టుకు వెళ్లినప్పుడు వాయిదాలకు వస్తానని బాండు రాయించుకుంటారు. కొన్ని కోర్టుల్లో షూరిటీ, అంటే పూచీ ఉండే మనిషిని కూడా అడుగుతారు కాబట్టి, ఇంటిపన్ను రసీదు, ఆధార్ ఉన్న దగ్గరివాళ్లు ఒకరిని వెంట తీసుకెళ్తే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.

ఇక కానిస్టేబులు చెప్పిన దారి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఉదయం పదిన్నరకు కోర్టు మొదలవుతుంది. కోర్టు డ్యూటీ కానిస్టేబులు కేసు కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెడతాడు. పేకాట, బహిరంగంగా తాగడం, చిన్న కొట్లాట, అన్నీ కలిసే ఉంటాయి. పేరు పిలుస్తారు, ముద్దాయి వచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు. జడ్జిగారు ఆరోపణ ఏమిటో తెలుగులో చెప్పి "నేరం ఒప్పుకుంటావా?" అని అడుగుతారు. వెనక నుంచి ఎవరో "ఒప్పుకుంటానను" అని గొణుగుతారు. తల ఊపుతాడు. ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా, ఎవరి బలవంతమైనా ఉందా అని ఓపికగా అడిగే జడ్జిలతో పనిచేశాను. కట్ట పెద్దదిగా ఉన్న రోజు ఆ ఓపిక తగ్గడమూ చూశాను. తర్వాత "కోర్టు లేచేవరకు" శిక్ష, దాంతోపాటు జరిమానా, లేదా జరిమానా ఒక్కటే. డబ్బు కట్టి రసీదు తీసుకుని మధ్యాహ్నానికి ఇంటికి పోతాడు. రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాల్లో రిజిస్టరులో పడేది "కన్విక్టెడ్". ఫైన్ కట్టి వదిలించుకున్నామని ఇంట్లో అనుకుంటారు. రికార్డు ప్రకారం అది నేరం రుజువై శిక్ష పడ్డ కేసు. జరిమానా వంద అయినా పదివేలైనా ఆ మాట మారదు. పైగా తానే ఒప్పుకున్నవాడికి మెజిస్ట్రేట్ వేసిన శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప, అసలు తప్పు చేయలేదని అప్పీలు చేసుకునే దారి కూడా ఉండదు. "తర్వాత పైకోర్టులో చూసుకుందాంలే" అన్నది ఈ కేసుల్లో కుదరదు. ఎస్సై సెలక్షన్ దగ్గరికి వచ్చాక అటెస్టేషన్ ఫారంలో "శిక్ష పడిందా" అన్న గడికి మీ తమ్ముడు అవునని రాయాల్సి వస్తుంది. కానిస్టేబులుకు ఆ రోజు తన కట్టలో ఒక కేసు తగ్గుతుంది. ఆయన లెక్క అది, మీ లెక్క వేరు.

మీకున్న మంచి దారి రాజీ. పైన చెప్పిన మూడు సెక్షన్లూ, దెబ్బ తిన్నవాడు లేదా తిట్లు పడ్డవాడు ఒప్పుకుంటే కోర్టు అనుమతి కూడా అక్కర్లేకుండా రాజీ చేసుకోదగ్గవే. కోర్టు, పోలీసుల పద్ధతులు చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 320, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడు 359. రాజీ రికార్డయితే దాని ఫలితం నిర్దోషిగా విడుదల అని ఆ సెక్షన్‌లోనే రాసుంది. ఫైన్ కట్టినా రాజీ పడినా ఇంటికి వచ్చే టైము ఒకటే, రిజిస్టరులో పడే మాట మాత్రం పూర్తిగా ఎదురు.

కాకపోతే రాజీ ఎక్కడ జరిగిందన్నది ముఖ్యం. మన ఊళ్లలో జరిగేదేమిటంటే, పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుంటారు, మందుల ఖర్చు ఇస్తారు, చేతులు కలుపుకుంటారు, ఇక కేసు అయిపోయిందనుకుని కోర్టుకు వెళ్లడం మానేస్తారు. ఆ కాగితం కోర్టుకు తెలియదు. పేరు పిలుస్తారు, లేడు, వారెంటు. మళ్లీ పిలుస్తారు, లేడు, నాన్ బెయిలబుల్ వారెంటు. పెళ్లిపీటల మీద కూర్చోవాల్సిన వారంలో పోలీసులు ఇంటికి వచ్చిన కేసు నాకు తెలుసు. అసలు గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, ఫిర్యాదుదారు పెళ్లికి వచ్చిన అతిథి కూడా.

కోర్టులో రాజీ ఇలా జరుగుతుంది. రెండు వైపులా సంతకాలతో జాయింట్ మెమో వేస్తారు. దెబ్బ తగిలిన అబ్బాయి స్వయంగా రావాలి. అతని నాన్న వచ్చి "మావాడు ఒప్పుకున్నాడు" అంటే చెల్లదు. గాయపడ్డవాళ్లు ఇద్దరు ఉంటే ఇద్దరూ రావాలి. ఛార్జిషీటులో గాయపడ్డవాళ్ల పేర్లు ఎన్నున్నాయో ముందే చూసుకోండి, ఇక్కడే చాలా రాజీలు ఆగిపోతాయి. ఆధార్ కాపీలు తీసుకుంటారు. జడ్జిగారు అతన్ని "నీ ఇష్టంతోనే రాజీ పడుతున్నావా, ఎవరైనా బెదిరించారా" అని అడుగుతారు. ఏపీపీకి, అంటే ప్రభుత్వం తరఫు లాయరుకు, అభ్యంతరం లేదంటే అప్పుడే ఆర్డరు రాస్తారు. మామూలు వాయిదా రోజునా చేసుకోవచ్చు, జాతీయ లోక్ అదాలత్ రోజునా చేసుకోవచ్చు. లోక్ అదాలత్ దగ్గరపడితే కోర్టు స్టాఫే రాజీకి వచ్చే కేసుల జాబితా తయారుచేసి రెండు పక్షాలకూ కబురు పెడుతుంది. మీ కేసు ఆ జాబితాలో ఉందో లేదో బెంచ్ క్లర్కును అడిగితే చెబుతారు, దానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

మీవాళ్లు కూడా అవతలి వాళ్ల మీద కేసు పెట్టారా అన్నది మీరు రాయలేదు. నిమజ్జనం గొడవలంటే కౌంటర్ కేసు ఉండే అవకాశం ఎక్కువ. ఉంటే రెండు కేసులూ ఒకే రోజు రాజీకి పెట్టించండి. ఒకటి ముగించి రెండోది "వచ్చే వాయిదాకి చూద్దాం" అంటే, ఆ నెల రోజుల్లో ఎవరో ఒకరు మనసు మార్చుకుంటారు.

సెక్షన్లు ఒకసారి సరిగ్గా చదివించుకోండి. సీసా, కర్ర, రాయి లాంటిది వాడారని 118(1) ఉంటే లెక్క మారిపోతుంది. దానికి మూడేళ్ల వరకు శిక్ష, నాన్ బెయిలబుల్, మెజిస్ట్రేట్ కోర్టులో రాజీ చేసుకునే సెక్షన్ల జాబితాలోనూ లేదు. అప్పుడు రాజీ కాగితాలతో హైకోర్టులో కేసు కొట్టేయమని క్వాష్ పిటిషన్ వేసుకోవాలి. జియాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2012లో చెప్పిన సూత్రం మీద అలాంటివి కొట్టేస్తూనే ఉన్నారు, కానీ ఖర్చు, టైము వేరు. మీరు రాసిన సెక్షన్లలో అది లేదు కాబట్టి దాని జోలికి వెళ్లను.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. రాజీతో విడుదలైతే ఎస్సై ఉద్యోగానికి అసలు అడ్డే ఉండదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. పోలీసు శాఖ మిగతా శాఖల్లాంటిది కాదు. 2011లో సందీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కుర్రతనంలో చేసిన చిన్న తప్పును పట్టుకుని జీవితాంతం ముద్ర వేయకూడదంది. 2013లో మెహర్ సింగ్ కేసులో అదే కోర్టు, రాజీ మీద విడుదలైనా పోలీసు ఉద్యోగానికి తగినవాడా కాదా అని చూసే అధికారం స్క్రీనింగ్ కమిటీకి ఉందంది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి ఈ గందరగోళాన్ని కొంత సర్దింది. ఆ తీర్పులో మీకు పనికొచ్చేవి రెండు. ఫారంలో అడిగిన సమాచారం నిజంగా, పూర్తిగా రాయాలి. నిజం రాసినా తీసుకోవాలా వద్దా అని పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది. నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసు దాచినా క్షమించవచ్చని కూడా అందులో ఉంది, కానీ దాన్ని నమ్ముకుని దాచే ధైర్యం చేయకండి. వెరిఫికేషన్‌కి వచ్చేది స్టేషన్ వాళ్లే, వాళ్ల రిజిస్టరులో క్రైమ్ నంబరు ఉంటుంది. చిన్న కొట్లాట వల్ల పోయిన ఉద్యోగాల కంటే దాన్ని దాచడం వల్ల పోయినవే ఎక్కువని నా అభిప్రాయం.

అమెరికా అబ్బాయికి రెండు విషయాలు. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన పాస్‌పోర్టు ఆగదు, కోర్టు కేసును ఫైలు మీదకు తీసుకున్నాకే అడ్డొస్తుంది. మీ కేసు ఆ దశ దాటేసింది. అప్పుడు పాస్‌పోర్టు కావాలన్నా రెన్యువల్ కావాలన్నా ఇదే మెజిస్ట్రేట్ కోర్టులో అనుమతి పిటిషన్ వేసుకోవాలి. 1993లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కోర్టు ఇంత కాలానికి అని చెప్పకపోతే ఏడాదికి మాత్రమే పాస్‌పోర్టు ఇస్తారు. అందుకే ఆ పిటిషన్‌లో ఎంత కాలానికి కావాలో స్పష్టంగా అడగమని లాయరుకు గుర్తుచేయండి, చాలామంది మర్చిపోతారు. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. అతని విషయంలో కూడా ఆ వెయ్యి రూపాయల ఫైన్ ఎంత ఖరీదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అలాగని ప్రతి కేసులోనూ పోరాడమని నేను చెప్పను. కేవలం జరిమానాతో పోయే, రాజీ పడటానికి అవతలి మనిషే లేని కేసులు కొన్ని ఉంటాయి. రోడ్డు మీద తాగి అల్లరి చేసినందుకు బీఎన్ఎస్ 355 పెడితే ఇరవై నాలుగు గంటల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు ఫైన్, లేదా సమాజ సేవ. నిజంగా చేసినవాడు, ఉద్యోగ వెరిఫికేషన్ బెడద లేనివాడు ఆరు వాయిదాలు తిరిగి కూలి పోగొట్టుకోవడం కంటే ఒప్పుకుని పోవడమే నయం. డ్రంక్ అండ్ డ్రైవ్ కొంచెం బరువైంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185 కింద మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. చాలామందికి ఫైన్‌తోనే పోతుంది, కానీ రీడింగు మరీ ఎక్కువున్నా, రెండోసారి దొరికినా కొద్ది రోజులైనా లోపలికి పంపే జడ్జిలు హైదరాబాదులో తక్కువేం కాదు.

సమాజ సేవ గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు, మీరూ అడగొచ్చు. అది ఏ కేసులో పడితే ఆ కేసులో వేసే శిక్ష కాదు. ఐదు వేల లోపు మొదటిసారి దొంగతనం చేసి వస్తువు తిరిగిచ్చినవాడికి, తాగి అల్లరి చేసినవాడికి, పరువు నష్టం కేసులో, ఇంకో మూడు రకాల నేరాల్లో, అంతే. కొట్లాట అందులో లేదు.

రాజీకి అవతలి వాళ్లు ససేమిరా అంటే? విచారణ జరుగుతుంది. ఛార్జిషీటు, వాంగ్మూలాలు, డాక్టరు ఇచ్చిన వూండ్ (గాయాల) సర్టిఫికెట్ కాపీలు మీకు ఉచితంగా ఇవ్వాలి, హాజరైన నాటి నుంచి పద్నాలుగు రోజుల్లోపు. అవి లేకుండా "ఒప్పుకుంటావా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకండి. ఇది శిక్ష రెండేళ్లకు మించని కేసు, అంటే సమన్స్ కేసు కాబట్టి ఛార్జి ఫ్రేమ్ చేసే తతంగం ఉండదు, ఆరోపణ చదివి వినిపిస్తారు. కొత్త చట్టంలో ఇక్కడ ఒక మంచి మార్పు వచ్చింది. ఆరోపణకు ఆధారమే లేదనిపిస్తే మెజిస్ట్రేట్ కారణాలు రాసి అప్పుడే వదిలేయొచ్చు, బీఎన్ఎస్ఎస్ 274 కింద. ముగ్గురిలో ఒకడి పేరు ఊరికే ఇరికించారని వాంగ్మూలాల్లోనే తేలిపోతుంటే దీన్ని వాడుకోవాలి. ఆ తర్వాత సాక్షులు. ఫిర్యాదుదారు, పక్కనున్నవాళ్లు, డాక్టరు, దర్యాప్తు చేసిన హెడ్ కానిస్టేబులు. ఆలస్యమంతా ఇక్కడే. సాక్షికి సమన్లు అందలేదని ఒక వాయిదా, డాక్టరు బదిలీ అయ్యారని ఇంకొకటి. చివరికి సాక్షులు "చీకట్లో ఎవరు కొట్టారో చూడలేదు" అనడం, హోస్టైల్ అయ్యారని, అంటే ఎదురు తిరిగారని, ఏపీపీ రాయించడం, కేసు కొట్టేయడం తరచూ జరిగేదే. దానికి పట్టే టైములో మీ తమ్ముడి నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోవచ్చు.

ఒకవేళ శిక్షే పడే పరిస్థితి వస్తే లాయరు ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 అడగాలి. అంతకుముందు శిక్ష పడనివాడు, రెండేళ్లకు మించని నేరం, కాబట్టి సెక్షన్ 3 కింద మందలించి వదిలేయమని కోరవచ్చు. వర్తించే అవకాశముండి కూడా ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో జడ్జి కారణం రాయాలి. ఈ చట్టం కింద వదిలేస్తే శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని సెక్షన్ 12 చెబుతుంది. ఆశ్చర్యమేమిటంటే దీన్ని అడిగే లాయర్లు తక్కువ. అడగనిది జడ్జిగారు గుర్తు పెట్టుకుని ఇవ్వాలంటే కట్ట చిన్నదిగా ఉన్న రోజు అయ్యుండాలి.

లాయరు దండగ అన్న మాటకు నా జవాబు: ఈ కేసుకు పెద్ద పేరున్న లాయరు దండగే. రోజూ అదే కోర్టులో కనిపించే, మెమో వేయడం తెలిసిన జూనియర్ చాలు. ఫీజు మొత్తానికి మాట్లాడుకోండి, వాయిదాకి ఇంత అని కాదు. కుటుంబం ఎస్సీ, ఎస్టీ అయినా, ఆదాయ పరిమితి లోపు ఉన్నా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చేయండి.

మీ తమ్ముడు కోచింగ్ కోసం హైదరాబాదులో ఉంటాడు కాబట్టి ప్రతి వాయిదాకి రాలేకపోవచ్చు. రాని రోజు ఉదయం పిలుపుకి ముందే లాయరు హాజరు మినహాయింపు పిటిషన్ వేయాలి. బీఎన్ఎస్ఎస్‌లో కొత్త నంబరు 355, కోర్టులో మాత్రం పాత 317 అనే అంటారు. అది పడితే వారెంటు రాదు. కానీ మొదటి వాయిదాకి, రాజీ రోజుకి మనిషి ఉండాల్సిందే. పొరపాటున వారెంటు వచ్చినా దాక్కోకండి. లాయరుతో కలిసి తానే వెళ్లి వారెంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేసుకుంటే ఈ స్థాయి కేసుల్లో సాధారణంగా చిన్న ఖర్చుతో ఎత్తేస్తారు. పోలీసులు పట్టుకొచ్చాక అడిగితే జడ్జిగారి గొంతు వేరేగా ఉంటుంది.

కేసు ముగిసిన రోజే ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. రెండు కాపీలు తీసుకోండి, ఒకటి ముట్టుకోకుండా దాచండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబరు) కొట్టి కేసు డిస్పోజ్డ్, అంటే ముగిసింది అని పడిందో లేదో, పడితే ఏ కారణంతో పడిందో చూడండి. రాజీ కేసును తప్పుగా ఎక్కించడం అరుదే, కానీ జరుగుతుంది. వెంటనే చెబితే కోర్టు ఆఫీసు సరిచేస్తుంది. మధ్యలో వారెంటు ఏదైనా వచ్చి ఉంటే, రీకాల్ ఆర్డరు కాపీ ఒకటి స్టేషన్‌లో ఇచ్చి రసీదు సంతకం తీసుకోండి. వాళ్ల రిజిస్టరులో అది పెండింగులోనే ఉండిపోయిందనుకోండి, ఎస్సై వెరిఫికేషన్ రోజు మళ్లీ దాని దగ్గరే ఆగుతారు.